అందరూ తినడానికి ఇచ్చేవాళ్ళే, తీరిక ఇచ్చేవాళ్ళే లేరు

నల్గొండ జిల్లాలో ఒక జడ్పీ హైస్కూల్లో లెక్కలు చెప్పే టీచరు రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వెయ్యొద్దని కోరారు. వయసు 39. భర్తది ప్రైవేటు ఉద్యోగం. ఇద్దరు పిల్లలు, అత్తగారు కూడా వీళ్ళతోనే ఉంటారు. పొద్దున ఐదింటికి లేస్తే ఏడూ నలభైకి బస్సెక్కేదాకా ఆమెకు కూర్చునే వీలుండదు. నాలుగు బాక్సులు సర్దాలి, చిన్నవాణ్ణి లేపి తయారుచెయ్యాలి, అత్తగారికి టిఫిన్ పెట్టాలి. తన టీ నిలబడే తాగుతారు, తన టిఫిన్ సగం రోజులు బస్టాండులో. మూడేళ్ళుగా మోషన్ సరిగా కావడం లేదు. రెండు మూడు రోజులకోసారి, అదీ గట్టిగా, ముక్కీ మూలిగీ. వెళ్ళొచ్చాక కూడా ఇంకా మిగిలే ఉన్నట్టు అనిపిస్తుంది. సాయంత్రానికి పొట్ట ఉబ్బి, పొద్దున కట్టుకున్న చీర కుచ్చిళ్ళ దగ్గర బిగుసుకుపోతుంది. "పదో తరగతి పిల్లల ముందు బోర్డు మీద లెక్క వేస్తుంటే కడుపులో గుడగుడలు. ముందు బెంచీ వాళ్ళకు వినపడుతుందేమోనని గొంతు పెంచి చెబుతాను" అని రాశారు.

బడిలో టీచర్లకు బాత్రూమ్ ఉంది. కానీ నీళ్ళు సరిగా రావు, తలుపు గడియ పడదు. అందుకని ఇంటి దగ్గర గుక్కెడు నీళ్ళు తాగి బయల్దేరితే, మళ్ళీ నీళ్ళు తాగేది సాయంత్రం ఐదున్నరకు ఇంటికి వచ్చాకే. తొమ్మిదిన్నర ప్రాంతంలో ఒక్కోసారి వెళ్ళాలనిపిస్తుంది. బిగపట్టుకుంటారు. కాసేపటికి ఆ కబురు దానంతట అదే పోతుంది.

ఇంట్లో వైద్యానికి కొదవ లేదు. ఆదివారం పొద్దున అత్తగారి ఆముదం, వారం మధ్యలో రెండు మూడు రాత్రులు సునాముఖి చూర్ణం. భర్త ఆన్‌లైన్‌లో ప్రోబయోటిక్ క్యాప్సూల్స్, అంటే మంచి బ్యాక్టీరియా ఉండేవి, తెప్పించారు. డాలస్‌లో ఉన్న చెల్లెలు "గోధుమ మానెయ్ అక్కా, అంతా గ్లూటెన్ వల్లే" అని వీడియోలు పంపుతోంది. తోటి టీచరు రోజూ ఇడ్లీ తింటే మంచి బ్యాక్టీరియా పెరుగుతుందన్నారు. పెరుగు రాత్రిపూట ముట్టుకోవద్దని అత్తగారి ఆజ్ఞ. ఇవి చాలవన్నట్టు, మలాన్ని పరీక్షించి పేగుల్లో ఏ సూక్ష్మజీవులు ఉన్నాయో చెబుతామంటూ ఒక ల్యాబు ప్రకటన కంటపడింది. వేలల్లో ఖర్చు. చేయించుకోవాలా, ఏది తినాలి, ఏది మానాలి, తన పేగుల్లో మంచి బ్యాక్టీరియా చచ్చిపోయిందా అన్నవి ఆమె ప్రశ్నలు.

ఉత్తరం చివర, సంతకానికి ముందు, మాటవరసకు అన్నట్టు ఇంకొన్ని సంగతులు రాశారు. థైరాయిడ్ మాత్ర ఆరేళ్ళుగా వాడుతున్నారు. ఏడాదిన్నర కిందట ఛాతీలో మంటకు రెండు వారాలకని రాసిచ్చిన గ్యాస్ మాత్ర ఇప్పటికీ రోజూ వేసుకుంటున్నారు. రక్తం తక్కువగా ఉందని ఐరన్ మాత్ర కూడా. "మూడూ మర్చిపోకుండా పొద్దున టీతో ఒకేసారి వేసేసుకుంటాను." అప్పుడప్పుడు విరేచనంలో ఎర్రటి చుక్కలు కనపడుతున్నాయి, మొలలే అయ్యుంటాయని ఎవరికీ చెప్పలేదు.

టీచర్ గారూ,

మీ ఉత్తరాన్ని నేను చివరి నుంచి చదవడం మొదలుపెడతాను. మీరు ప్రశ్నగా అడగని ఆ నాలుగు ముక్కల్లోనే అసలు విషయం చాలావరకు ఉంది.

ముందు ఆ ఎర్రటి చుక్కలు. గట్టి మలం వల్ల చిన్న చీలిక పడి ఉండొచ్చు, మొలలే అయి ఉండొచ్చు. ఎక్కువమందిలో అదే కారణం. కానీ 'అయి ఉండొచ్చు' అనేది డాక్టరు చూశాక చెప్పాల్సిన మాట. రక్తం కనపడుతోంది, హిమోగ్లోబిన్ తక్కువగా ఉంది. ఈ రెంటికీ సంబంధం ఉండొచ్చు, లేకపోవచ్చు. నెలసరి ఎక్కువగా అవుతున్నా రక్తం తగ్గుతుంది. ఏదైనా సరే, కారణం తేల్చకుండా ఐరన్ మాత్ర మింగుతూ పోవడం సరైన దారి కాదు. మీ దగ్గర్లో జనరల్ సర్జన్‌కో, గ్యాస్ట్రో డాక్టరుకో ఒక్కసారి చూపించండి. ఐదు నిమిషాల పరీక్షకు సిగ్గుపడి మూడేళ్ళు మోస్తున్నారు. లేడీ డాక్టరు కావాలంటే అలాగే వెతుక్కోండి, అందులో మొహమాటం వద్దు. ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉంటే ఆ మాట కూడా డాక్టరుకు చెప్పండి. కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, తారులా నల్లగా జిగటగా వెళుతున్నా అపాయింట్‌మెంట్ వాయిదా వెయ్యకండి. తీవ్రమైన నొప్పి, వాంతులు వచ్చి గ్యాస్ కూడా కిందికి పోకుండా ఆగిపోతే అదే పూట ఆసుపత్రికి వెళ్ళాలి. ఐరన్ మాత్ర వల్ల మలం కొంచెం నల్లబడటం మామూలే, దానికి కంగారు అక్కర్లేదు.

ఇక ఆ మూడు మాత్రలు. మర్చిపోకుండా ఉండటానికి ఒకేసారి వేసుకుంటున్నానన్నారు. ఉద్దేశం మంచిదే, కానీ అవి ఒకదాన్నొకటి పని చెయ్యనివ్వవు. థైరాయిడ్ మాత్రను పరగడుపున ఉత్త నీళ్ళతో వేసుకుని, అరగంట నుంచి గంట ఆగి మిగతావి తినాలి, తాగాలి. ఐరన్ మాత్ర దాని పక్కనే పడితే థైరాయిడ్ మందు ఒంటికి సరిగా అందదు. రెంటికీ మధ్య నాలుగు గంటలు ఉండాలి. టీ పడితే ఐరన్ కూడా అందదు. గ్యాస్ మాత్ర కడుపులో యాసిడ్‌ను తగ్గిస్తుంది కాబట్టి ఐరన్‌కూ థైరాయిడ్ మందుకూ రెంటికీ అడ్డమే. అంటే మీరు ఆరేళ్ళుగా మందు మింగుతున్నా థైరాయిడ్ అదుపులో లేకపోవచ్చు. థైరాయిడ్ తక్కువైతే పేగుల కదలిక మందగిస్తుంది, మలబద్ధకం వస్తుంది. దానిమీద ఐరన్ మాత్ర. అదీ చాలామందికి మలం గట్టిపరుస్తుంది. థైరాయిడ్ అదుపులో ఉందో లేదో చెప్పే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చివరిసారి ఎప్పుడు చేయించారో మీరు రాయలేదు. ముందు అది చేయించండి. మాత్రల వేళలు మార్చుకున్న ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్ళీ చేయించండి. అప్పుడు డాక్టరు మోతాదు మార్చాల్సి రావచ్చు, అది మీరు సొంతంగా చెయ్యకండి.

గ్యాస్ మాత్రను రేపటి నుంచే మానెయ్యమని చెప్పను. ఏడాదిన్నరగా వాడినదాన్ని ఒక్కసారిగా ఆపితే కడుపు పట్టుదలగా మునుపటికంటే ఎక్కువ యాసిడ్ తయారుచేస్తుంది. మంట తిరగబెడుతుంది. 'చూశావా, మాత్ర లేకపోతే నాకు కుదరదు' అని మళ్ళీ మొదలుపెడతారు. మన దగ్గర ఇంటింటా ఈ కథే. రెండు వారాలకని రాసిన చీటీ మెడికల్ షాపువాడి చేతిలో జీవితకాలపు చీటీ అయిపోతుంది. ఎలా తగ్గించుకుంటూ రావాలో డాక్టర్ని అడగండి. రోజు విడిచి రోజు వాడుతూ మానడం ఒక పద్ధతి. రాత్రి భోజనం పడుకునే ముందు అరగంటకు కాకుండా రెండు మూడు గంటల ముందుకు జరిపితే మానడం ఇంకా తేలిక.

ఇప్పుడు పొద్దుటి సంగతికి వస్తాను.

మన పెద్దపేగు రాత్రంతా మెల్లగా ఉంటుంది. నిద్ర లేవగానే చురుకవుతుంది. కడుపులో ఏదైనా పడగానే ఇంకా చురుకవుతుంది. తిన్న అరగంటలోపు, పైనుంచి కొత్తది వచ్చింది కాబట్టి కింద చోటు చెయ్యాలన్నట్టు, పేగు తనలోని దాన్ని ముందుకు నెడుతుంది. రోజు మొత్తంలో ఈ నెట్టుడు అన్నిటికంటే బలంగా ఉండేది పొద్దున టిఫిన్ తర్వాతే. మీ విషయంలో ఆ వేళకు మీరెక్కడున్నారు? బస్సులో ఒక చేత్తో రాడ్డు పట్టుకుని. తొమ్మిదిన్నరకు మీకొచ్చే కబురు అదే, ఆలస్యంగా వచ్చినది. దాన్ని బిగపడితే మలం అక్కడే ఆగి, అందులోని నీటిని పేగు పీల్చుకుంటూ పోతుంది. మీరేమో పగలంతా నీళ్ళు తాగరు, శరీరం ఆ కాస్త తడి కూడా వదలదు. గట్టిపడుతుంది. రోజూ ఇలా బిగపడుతుంటే కొన్నాళ్ళకు పేగు చివరి భాగం ఆ నిండుదనానికి అలవాటుపడి కబురు పంపడమే తగ్గిస్తుంది. లోపల నిల్వ ఉన్నదాన్ని బ్యాక్టీరియా పులియబెడుతూనే ఉంటుంది, గ్యాస్ వస్తుంది, సాయంత్రానికి చీర బిగుస్తుంది. కాబట్టి మీ బ్యాక్టీరియా చచ్చిపోయిందన్న దిగులు వదిలెయ్యండి, అది శుభ్రంగా పని చేస్తోంది.

మీ ఉత్తరం రెండోసారి చదువుతుంటే ఒకటి తోచింది. అత్తగారు ఆముదం ఇస్తున్నారు, మీవారు క్యాప్సూల్స్ ఇస్తున్నారు, చెల్లెలు సలహాలు, తోటి టీచరు ఇడ్లీలు. అందరికీ మీరంటే ప్రేమే. అందరూ మీ నోట్లో వెయ్యడానికి ఏదో ఒకటి తెస్తున్నారు. మీకు కావలసినదేమో పొద్దున ఓ ఇరవై నిమిషాలు, పగలు గడియ పడే ఒక తలుపు. వాటిని మాత్రం ఎవరూ ఇవ్వడం లేదు. మీరు అడిగినట్టు కూడా ఉత్తరంలో ఎక్కడా లేదు.

ఆ ఇరవై నిమిషాలు ఎక్కడ దొరుకుతాయో చూద్దాం. నాలుగున్నరకే లేవడం ఒక దారి. చాలామంది ఆడవాళ్ళు ఇదే చేస్తారు, నాకు మాత్రం ఇష్టం లేదు. ఇప్పటికే రాత్రి పదింపావుకి పడుకుని ఐదింటికి లేస్తున్నారు. నిద్ర కోస్తే మొదట దెబ్బతినేవాటిలో జీర్ణం కూడా ఒకటి. రెండో దారి, ఉన్న గంటలనే మార్చుకోవడం. లేవగానే థైరాయిడ్ మాత్ర ఒక పెద్ద గ్లాసు నీళ్ళతో. ఆరూ పావుకి, అంటే గంట గడిచాక, కూర్చుని అరటిపండో ఇడ్లీయో తిని టీ తాగండి. ఆరున్నర ఆరూ నలభైకి, వచ్చినా రాకపోయినా, పది నిమిషాలు వెళ్ళి కూర్చోండి. ఫోన్ బయట పెట్టి వెళ్ళండి. ముక్కొద్దు. రాకపోతే లేచి వచ్చెయ్యండి, రేపు మళ్ళీ అదే వేళకు. ఇది రెండు మూడు వారాలు పట్టే పని. ఆ ఇరవై నిమిషాల్లో బాక్సులు సర్దడం, చిన్నవాణ్ణి లేపడం మీవారి చేతికి వెళ్ళాలి. మొదటి వారం ఒక బాక్సులో చెంచా ఉండదు, ఇంకో బాక్సుకు మూత సరిగా పడదు. చిన్నవాడు యూనిఫారం తిరగేసి వేసుకుంటాడు. మీరు బాత్రూమ్‌లోంచే కేకేసి సరిచెయ్యాలని చూస్తే ఈ పద్ధతి అక్కడే చెడుతుంది.

మీవారు ఒప్పుకోరేమో, అత్తగారు ఏమనుకుంటారో అని మీకు అనిపించవచ్చు. క్యాప్సూల్స్‌కు అంత డబ్బు పెట్టిన మనిషి బాక్సులు కట్టనంటారని ముందే ఎందుకు అనుకోవాలి? "సాయం చెయ్యండి" అని గాల్లో అడిగితే ఎవరికీ అర్థం కాదు. "ఆరున్నర నుంచి ఏడింటి దాకా వంటింట్లో మీరుండాలి, డాక్టరు చెప్పారు" అనండి. డాక్టరు నిజంగానే చెబుతారు, మీరు అడిగితే.

ఇవేవీ ఇప్పట్లో కుదరవనుకుంటే మూడో దారి సాయంత్రం. ఐదున్నరకు ఇంటికొచ్చి ఏదైనా తిని, ఆరింటికి అదే పది నిమిషాలు. పొద్దుటంత బలంగా పేగు సహకరించదు, పగలు పొట్ట ఉబ్బరం తగ్గడానికి కూడా ఎక్కువ రోజులు పడుతుంది. కానీ ఎవర్నీ ఒప్పించనవసరం లేదు, రేపే మొదలుపెట్టొచ్చు. రోజూ ఒకే వేళ అన్నది ముఖ్యం. ఇంకో చిన్న సంగతి. ఇంట్లో వెస్ట్రన్ కమోడ్ అయితే కాళ్ళ కింద జానెడు ఎత్తు పీట వేసుకోండి. మోకాళ్ళు నడుం కంటే పైకి వస్తే మలద్వారం దగ్గర వంపు తిన్నగా అయి తేలిగ్గా వెళుతుంది. మన పాత పద్ధతి మరుగుదొడ్డిలో కూర్చునే తీరు అదే.

బడి సంగతి ఇంతకంటే పెద్దది, కాస్త నిలబడి మాట్లాడాలి. గడియ పడని బాత్రూమ్ మీ ఒక్కరి సమస్యే అయితే, పక్కనే ఇల్లున్న తోటి టీచర్ని అడిగి లీజర్ పీరియడ్‌లో అక్కడికి వెళ్ళి రావచ్చు. ఈలోగా అలా చెయ్యండి కూడా. కానీ టీచర్లదే ఇలా ఉంటే తొమ్మిదో తరగతి, పదో తరగతి ఆడపిల్లలు ఏం చేస్తున్నారంటారు? వాళ్ళూ నీళ్ళు తాగడం మానేసి ఉంటారు. మూత్రంలో మంట, కడుపునొప్పి అని నెలకోసారి సెలవు పెట్టే పిల్లలు మీ హాజరు పట్టీలోనే ఉంటారు. విద్యాహక్కు చట్టం 2009లోనే ప్రతి బడిలో ఆడపిల్లలకు, మగపిల్లలకు విడివిడిగా మరుగుదొడ్లు, తాగునీరు ఉండి తీరాలంది. తెలంగాణలో 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు పెట్టారు. ఊళ్ళోని స్వయం సహాయక సంఘాల ఆడవాళ్ళు అందులో ఉంటారు, మరుగుదొడ్ల పని కూడా వాళ్ళ పరిధిలోదే, హెడ్మాస్టరు గారే కన్వీనరు. కడుపు ఉబ్బరం గురించి హెడ్మాస్టరు గారి ముందు నోరెత్తలేకపోవచ్చు. ఆడపిల్లల బాత్రూమ్‌కు గడియ, నీళ్ళ కనెక్షన్ అని కమిటీ మీటింగులో అడగడానికి ఆ ఇబ్బంది ఉండదు. ఒక్కరే అడిగితే నసపెడుతున్నారని పేరు పడే ప్రమాదం ఉంది కాబట్టి ఇద్దరు ముగ్గురు లేడీ టీచర్లు కలిసి రాతపూర్వకంగా ఇవ్వండి. గడియ ఖరీదు ఎంతని? అవసరమైతే అందరూ తలా కొంత వేసుకుని ఈ వారమే బిగించేయించండి, నీళ్ళ సంగతి కమిటీ చూసుకుంటుంది. కేరళలో 2019లో బడుల్లో నీళ్ళు తాగడానికే ప్రత్యేకంగా గంట కొట్టడం మొదలుపెట్టారు. మీ బడిలోనూ కొట్టించవచ్చు, బాత్రూమ్ బాగయ్యాక. అంతకుముందు కొడితే పిల్లల్ని ఇంకా ఇబ్బంది పెట్టినట్టవుతుంది.

నీళ్ళు రోజుకు ఇన్ని లీటర్లని లెక్కపెట్టుకుని తాగనక్కర్లేదు. పొద్దున రెండు గ్లాసులు, బడిలో మధ్యాహ్నం లోపు ఒకటి, భోజనం తర్వాత ఒకటి, ఇంటికొచ్చాక మిగతావి. మజ్జిగ కూడా లెక్కలోకే వస్తుంది. మూత్రం ముదురు పసుపుగా ఉంటే చాలలేదని గుర్తు.

ఆముదం, సునాముఖి విషయంలో మీ అత్తగారి మీద నాకేం కోపం లేదు. కానీ ఒకటి గమనించండి. ఆదివారం ఆముదంతో పేగు మొత్తం ఖాళీ అవుతుంది. మళ్ళీ నిండటానికి రెండు మూడు రోజులు పడుతుంది, అది సహజం. సోమ, మంగళవారాలు వెళ్ళలేదని మీరు కంగారుపడి మంగళవారం రాత్రి చూర్ణం వేస్తారు. బుధవారం మళ్ళీ ఖాళీ. శుక్రవారం మళ్ళీ కంగారు. మీరు మలబద్ధకం అనుకుంటున్న కొన్ని రోజులు అసలు మలబద్ధకమే కాదు. రోజుకు మూడుసార్ల నుంచి వారానికి మూడుసార్ల దాకా ఏదైనా మామూలే, మెత్తగా, నొప్పి లేకుండా వెళుతున్నంత కాలం. ఆదివారం ఆముదం ఆపెయ్యండి. సునాముఖి విషం కాదు, డాక్టర్లు కూడా అదే రకం మందు అవసరమైనప్పుడు రాస్తారు. కానీ పక్కన ఇంకేదీ సరిచెయ్యకుండా దానిమీదే బండి లాగడం వద్దు. ఒకేసారి మానితే నాలుగు రోజులు ఇబ్బంది పడి మళ్ళీ దాని దగ్గరికే వెళతారు కాబట్టి, ముందు నీళ్ళు పీల్చుకుని మలాన్ని మెత్తబరిచే ఇసబ్‌గోల్ పొట్టు మొదలుపెట్టి, అది అలవాటయ్యాక చూర్ణం తగ్గించండి. రాత్రి భోజనం అయ్యాక ఒక చెంచా ఇసబ్‌గోల్ పెద్ద గ్లాసు నీళ్ళలో కలిపి వెంటనే తాగాలి, ఆపైన ఇంకో అరగ్లాసు నీళ్ళు. మందులకు దూరంగా రాత్రే మంచిది, థైరాయిడ్ మాత్ర దరిదాపుల్లో అసలు వద్దు. నీళ్ళు తాగని రోజు ఇసబ్‌గోల్ వేసుకుంటే అది లోపల ముద్దకట్టి మేలుకు బదులు కీడు చేస్తుంది.

తిండి గురించి మీరు ఎక్కువ అడిగారు, నేను తక్కువ చెబుతాను. ఎందుకంటే మీ భోజనంలో తీసెయ్యాల్సినది పెద్దగా లేదు. చేర్చాల్సినదే ఉంది. తెల్లన్నం, పప్పు, పచ్చడి, పెరుగు, రాత్రి చపాతీ, ఆలూ కూర. కూర పిల్లలకోసం వండుతున్నారు, వాళ్ళు తినే కూర ఆలూ ఒక్కటే. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సవరించి విడుదల చేసిన మార్గదర్శకాల్లో రోజుకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు, 100 గ్రాముల పండ్లు తినమంది. మీ కంచంలో అందులో సగం కూడా ఉన్నట్టు లేదు. పీచు లెక్క చూస్తే వంద గ్రాముల తెల్ల బియ్యంలో మూడు గ్రాములకు మించదు, జొన్నల్లో, రాగుల్లో పది గ్రాములకు పైనే, పొట్టుతో ఉన్న పెసల్లో పదిహేనుకు పైనే. జామకాయలో ఎనిమిది గ్రాముల పైచిలుకు. నల్గొండలో జొన్న రొట్టె చెయ్యడం తెలిసిన అత్తగారు ఇంట్లో ఉండగా పీచు కోసం డబ్బాలు కొనడమెందుకు? ఆముదం మానేస్తానన్న మాట ఆమెకు నచ్చదు. దాని బదులు "అత్తమ్మా, వారానికి మూడు రాత్రులు మీ చేతి రొట్టె కావాలి" అంటే వింటారు. చిక్కుడో, గోరుచిక్కుడో, తోటకూరో ఒకటి మీకోసం అదనంగా ఉండాలి. సాయంత్రం బిస్కెట్ల బదులు నానబెట్టి ఉడికించిన పెసల గుగ్గిళ్ళు, ఒక జామకాయ.

ఒకటే జాగ్రత్త. ఇవన్నీ ఒకే వారంలో మొదలుపెడితే పొట్ట ఇప్పటికంటే ఉబ్బుతుంది, 'నాకు పడదు' అని వదిలేస్తారు. వారానికి ఒక్కటి చేర్చండి. శనగలు, రాజ్మా రాత్రంతా నానబెట్టి ఆ నీళ్ళు పారబోసి కొత్త నీళ్ళలో ఉడికిస్తే గ్యాస్ తగ్గుతుంది.

ఇడ్లీ గురించి మీ తోటి టీచరు చెప్పింది సగమే నిజం. పిండి పులిసేటప్పుడు బ్యాక్టీరియా ఉంటుంది, ఆవిరి మీద ఉడికాక ఉండదు. ఇడ్లీ తేలిగ్గా అరుగుతుంది, దానికోసం తినండి. బతికున్న బ్యాక్టీరియా కావాలంటే తోడుపెట్టిన పెరుగు చాలు. రాత్రి పెరుగు తింటే పేగులకు ఏదో అవుతుందనడానికి ఆధారం లేదు, కానీ దానికోసం అత్తగారితో వాదన కూడా అనవసరం. మధ్యాహ్నం బాక్సులో ఎలాగూ ఉంది. ఎండాకాలంలో చద్దన్నం పొద్దున తినగలిగితే మరీ మంచిది. రాత్రి అన్నం వేడి చల్లారగానే నీళ్ళో మజ్జిగో పోసి మూతపెట్టి ఉంచండి, వాసన తేడాగా ఉంటే పారబొయ్యండి.

క్యాప్సూల్స్ విషయం. అమెరికాలో జీర్ణకోశ నిపుణుల సంఘం 2020లో ప్రోబయోటిక్స్ మీద మార్గదర్శకాలు ఇచ్చింది. కొద్దిపాటి ప్రత్యేక సందర్భాల్లో తప్ప చాలా పొట్ట జబ్బులకు వాటిని సిఫారసు చెయ్యడానికి తగిన ఆధారం లేదని తేల్చింది. ఉన్న డబ్బా అయిపోయేదాకా వేసుకోండి, మీవారి మనసు కష్టపెట్టడమెందుకు. రెండో డబ్బా మాత్రం కొననివ్వకండి. ఆ ల్యాబు పరీక్ష కూడా వద్దు. ఫలానా బ్యాక్టీరియా ఇంత ఉందని రంగురంగుల రిపోర్టు వస్తుంది, దాన్ని చూసి ఏ మందు ఇవ్వాలో ఇప్పటికైతే ఏ డాక్టరుకూ తెలియదు. ఆ డబ్బుతో టీఎస్‌హెచ్, రక్తపరీక్ష, ఐరన్ నిల్వలు చూసే ఫెరిటిన్ చేయించుకోవచ్చు.

మీ చెల్లెలి మాట మాత్రం నేను పూర్తిగా కొట్టెయ్యను. గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు ఉత్తరాదితో పోలిస్తే మన దక్షిణాదిలో అరుదు. కానీ థైరాయిడ్, రక్తహీనత ఉన్నవాళ్ళలో దాన్ని ఒకసారి చూడటం మంచిదే. ఒక రక్తపరీక్షతో మొదటి అంచనా వస్తుంది. గోధుమ మానేశాక చేస్తే ఆ పరీక్ష జబ్బున్నా లేదనే చూపించవచ్చు. అందుకని పరీక్ష అయ్యేదాకా చపాతీ మానకండి. జబ్బు లేదని తేలితే మూడు వారాలు రాత్రి చపాతీ బదులు జొన్న రొట్టె తిని చూడండి. ఉబ్బరం తగ్గితే మళ్ళీ చపాతీ తిని చూడండి. తేడా కనపడితే తగ్గించుకోవచ్చు, కనపడకపోతే గోధుమ తప్పేం లేదు. కుర్మాలో ఉల్లి, వెల్లుల్లి ఎక్కువైనా కొందరికి ఇదే ఉబ్బరం వస్తుంది. దానికోసం వంటింట్లోంచి ఉల్లిపాయ వెళ్ళగొట్టనక్కర్లేదు, మోతాదు తగ్గించి చూస్తే తెలిసిపోతుంది.

అన్నీ ఒకేసారి కుదరవు. నా లెక్కన ఈ వారం రెండే పనులు. డాక్టరు అపాయింట్‌మెంటు, మాత్రలు విడివిడిగా వేసుకోవడం. ఐరన్ మాత్రను మధ్యాహ్నం బడికి తీసుకెళ్ళి భోజనం తర్వాత వేసుకోవచ్చు, టీ దగ్గర కాకుండా. వచ్చే వారం నుంచి బాత్రూమ్ వేళ, ఆపైన ఇసబ్‌గోల్, ఆపైన కూరలు. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు మీరు మింగేవన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్ళండి. క్యాప్సూల్ డబ్బా, చూర్ణం సీసా, ఆముదంతో సహా.

ఇవన్నీ చేసి రెండు నెలలైనా 'ఇంకా మిగిలే ఉన్నట్టు' అన్న భావన పోకపోతే అది తిండితో తీరేది కాదు. కొందరిలో మలద్వారం చుట్టూ ఉండే కండరాలు వదులవ్వాల్సిన సమయంలో బిగుసుకుంటాయి. ఎంత మెత్తగా ఉన్నా బయటికి రానివ్వవు. హైదరాబాద్‌లో పెద్ద ఆసుపత్రుల్లో దీనికి పరీక్ష ఉంది. ఆ కండరాలను మళ్ళీ వదలడం నేర్పే బయోఫీడ్‌బ్యాక్ అనే శిక్షణ కూడా ఉంది. అది కత్తి కోత కాదు, మందు కాదు. వేసవి సెలవుల్లో పెట్టుకుంటే బడికి లీవు పెట్టే పని కూడా ఉండదు.